మూడు మూలల ఇల్లు

కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు తాళంచెవి చేతికి రాగానే ముందుగా పిలిచేది కర్టెన్ల పిన్నినే. ఇంకా సామాను దిగకముందే, మాట్లాడితే మాట గోడకు తగిలి వెనక్కి వచ్చే ఆ ఖాళీ గదుల్లో, ఆమె స్టూలెక్కి, పళ్ళ మధ్య పెన్సిలు పట్టుకుని, టేపుతో కిటికీలు కొలిచేది. ఇంటావిడ వెనకే తిరుగుతూ, "ఇక్కడ మంచం వేస్తాం పిన్నీ, అక్కడ పాప చదువుకునే బల్ల" అంటూంటే అన్నిటికీ తలూపేది. ఎవరు ఇల్లు కొనుక్కున్నా సొంత చెల్లెలు కొనుక్కున్నంత సంబరం ఆమెకు. కర్టెన్లు కట్టి దిగొచ్చాక కూడా వీధిలో నిలబడి ఆ కిటికీని ఓసారి తృప్తిగా చూసుకునే పోయేది.

తను మాత్రం ఒక మేడ కింద గదిలో అద్దెకుండేది. ముందుభాగంలో కుట్టుమిషను, వెనకభాగంలో మంచం, మధ్యలో గుడ్డల తానులు. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కతే కూతురు, పెళ్ళయి అదే నగరంలో అవతలి చివర కాపురం చేసుకుంటోంది. పిన్నికి పనికి లోటు లేదు, తిండికి లోటు లేదు. ఆ ఇంటివాళ్ళ వల్ల కూడా ఏ బాధా లేదు. అందుకే ఒక సాయంత్రం ఇంటి యజమాని బిస్కెట్ల డబ్బా పట్టుకుని నవ్వుతూ గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె మిషను ఆపి ఆ డబ్బా వంక అనుమానంగా చూసింది. అద్దె పెంచేటప్పుడు ఆయన ఒట్టి చేతులతోనే వచ్చేవాడు. బిస్కెట్లంటే అంతకంటే పెద్ద సంగతే అయ్యుండాలి.

అయ్యింది కూడా. ఆయన కొడుకు ఆ గదిలో వ్యాయామశాల పెడతాడట. "తొందరేం లేదండీ, నిదానంగా చూసుకోండి" అన్నాడాయన, పెద్దవాళ్ళు తొందరపెట్టేటప్పుడు అనే పద్ధతిలోనే.

కూతురు విని, "ఇంకో అద్దె గది వెతకొద్దమ్మా. ఈసారి కొనేద్దాం" అంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. నీ పెళ్ళి చేసి చూశానుగా, చాల్లే తల్లీ."

"కట్టమని ఎవరన్నారు? కొనమంటున్నాను. చిన్నదే. కానీ నువ్వొక్కదానివే వెళ్ళకు. నోట్లో నాలుక లేని మనిషివి, వాళ్ళు చెప్పిన ధరకి తలూపి బయానా కూడా ఇచ్చేసి వస్తావు. మా అత్తయ్యని తీసుకెళ్ళు."

పిన్ని చేతిలో సూది అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ అత్తయ్య, అంటే పిన్ని వియ్యపురాలు, సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నిండు బస్సులో వెనక తలుపు దగ్గర నుంచి అరిస్తే ముందు కూర్చున్న డ్రైవరుకే కాదు, పక్క బస్సు డ్రైవరుకీ వినిపించే గొంతు. ఉద్యోగం మానేసినా ఆ గొంతు ఆమెను మానలేదు. పిల్లల పెళ్ళిలో భోజనాల హాలు ఇరుకై జనం గుమ్మంలో ఆగిపోతే, "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి! ముసలాయనా, దారికి అడ్డం నిలబడకు!" అని ఒక్క కేక పెట్టింది. ఆ ముసలాయన పిన్ని పెద్దన్నయ్య. ఆయన తిన్నగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ వియ్యపురాళ్ళిద్దరూ "బాగున్నారా వదినగారూ", "బాగున్నానండి వదినగారూ" అనేంతవరకే. ఆ 'గారు'లో ఇద్దరూ ఐసుముక్కలు కలిపేవారు.

అయినా కూతురి మాట కాదనలేక పిన్ని సరేనంది. మర్నాడు పొద్దున్నే కండక్టరమ్మ బస్టాపులో సిద్ధంగా ఉంది, భుజానికి సంచి, కాళ్ళకి బూట్లు.

వాళ్ళకి దొరికిన బ్రోకరు ఎప్పుడూ నవ్వుతుండే కుర్రాయన. పిన్ని తన దగ్గరున్నదెంతో చెప్పినప్పుడు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు చావు కబురు విన్నవాడి నవ్వులా ఉంది. మొదట చూపించిన ఇంట్లో పడగ్గది తలుపు తీస్తే మంచానికి తగులుతుంది, మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. "తలుపు తీసేయించండమ్మా, గాలొస్తుంది" అన్నాడు. రెండో ఇంట్లో పొయ్యి నడవాలో, స్నానం తొట్టి పొయ్యి పక్కన. "ఇది ఓపెన్ కిచెనమ్మా, ఇప్పుడదే ఫ్యాషన్."

"ఓపెన్ కాదు బాబూ, వంటిల్లు లేదని చెప్పు. ఆ తొట్టి మాటేంటి? స్నానం చేస్తూ కూర కలుపుకోవాలా?" అంది కండక్టరమ్మ.

మూడోసారి ఊరి చివర దాకా తీసుకెళ్ళి, ఒక ఖాళీ మైదానంలో నిలబెట్టి, ఆకాశంలోకి వేలు చూపించాడు. "అదిగోనమ్మా, నాలుగో అంతస్తు. మీ హాలు ఆ కాకి ఎగురుతోంది చూశారూ, సరిగ్గా అక్కడొస్తుంది. ఇప్పుడు సగం డబ్బు కడితే చాలు."

పిన్ని పాపం నిజంగానే కాకి వంక చూసి, తలూపబోయింది. కండక్టరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ముప్ఫయ్యేళ్ళు టికెట్లు కొట్టాను నాయనా. బస్సు రాకుండా ఏనాడూ కొట్టలేదు. పదండి వదినగారూ."

తిరుగు బస్సులో పిన్నికి ఆ కాకి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే మరీ ఎక్కువైంది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఏడుస్తోందేమోనని వంగి చూసిన కండక్టరమ్మ కూడా, సంగతి తెలిసి, సీటు మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది.

ఇళ్ళ వేట అలా సాగుతుండగానే పళ్ళ డాక్టరు ఒకాయన పిన్నికి ఫోను చేశాడు. కొత్తగా పెద్ద ఆసుపత్రి పెట్టుకుంటున్నాడట, దాని కిటికీలన్నిటికీ కర్టెన్లు కావాలట. పిన్ని వెళ్ళి ఆ కొత్త ఆసుపత్రి కిటికీలు కొలిచింది. ఏ రంగు గుడ్డ వెయ్యాలో మాట్లాడదామని ఆయన పాత క్లినిక్కుకి రమ్మన్నాడు. ఆ రోజు ఇంకో ఇల్లు చూడాల్సి ఉండటంతో కండక్టరమ్మ కూడా వెంటే ఉంది.

పాత క్లినిక్కు రెండు వీధులు కలిసేచోట ఉన్న ఒక భవనంలో రెండో అంతస్తు. వీధులు రెండూ ఏటవాలుగా వచ్చి ఢీకొనేచోట కట్టారేమో, ఆ భవనం ముందువైపు ఓడముక్కులా సన్నగా ఉంది. లోపలికెళితే రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక స్నానాలగది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి గానీ ఏ గదికీ నాలుగు సరైన మూలలు లేవు. చివరి గదైతే మూడు మూలలే. ఆ కొసలో ఇటో కిటికీ, అటో కిటికీ, రెండు వీధుల వెలుతురూ ఒకేసారి లోపలికొస్తోంది. గది నడుమ పెద్ద కుర్చీ, పక్కన పుక్కిలించి ఉమ్మే తొట్టి, గోడలకి లవంగనూనె వాసన.

"ఇది అమ్ముదామంటే ఎవ్వరూ కొనట్లేదమ్మా. వస్తారు, మూలలు లెక్కపెడతారు, పోతారు" అన్నాడు డాక్టరు మాటల్లో మాటగా.

పిన్ని రంగుల సంగతి మర్చిపోయి ఆ కొసలో నిలబడిపోయింది. ఎన్ని వందల కిటికీలు కొలిచిందో ఆమెకే తెలియదు. కానీ ఇక్కడ మిషను వేసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో అని ఏ కిటికీ దగ్గరా అనుకోలేదు. ధరెంతని అడిగింది. బ్రోకరు చూపించిన అన్నిటికంటే తక్కువే. అయినా ఆమె కూడబెట్టింది అందులో సగానికి కాస్త పైన. ఆ వయసులో ఒంటరి మనిషికి బ్యాంకువాళ్ళిస్తామన్న అప్పు కలిపినా అందేలా లేదు. "మంచి ఇల్లండి" అని మెల్లగా టేపు చుట్టి సంచిలో వేసుకుంది.

ఇద్దరూ బస్సెక్కారు. ఒక స్టాపులో జనం తోసుకుని ఎక్కుతుంటే, కొత్త కండక్టరు పిల్ల "చోటు లేదు, చోటు లేదు" అంటోంది.

"చోటు లేకపోవడమేంటి! కాస్త సర్దుకుంటే ఇంకొకరికి ఎప్పుడూ చోటుంటుంది" అని గొణుక్కున్న కండక్టరమ్మ, ఉన్నట్టుండి పిన్ని వైపు తిరిగింది. "వదినగారూ, ఆ ఇంట్లో కూడా."

పిన్నికి అర్థం కాలేదు.

"గదులు రెండు. మీరొక్కరే కదా. నా పీఎఫ్ డబ్బు అలాగే ఉంది, నెలనెలా పింఛనొస్తుంది. ఇద్దరం కలిస్తే బ్యాంకువాడు కాదనడు." ఆ పెద్ద గొంతు ఎప్పుడూ లేనంత చిన్నదైంది. "మీ అమ్మాయి నన్ను ఎంత బాగా చూసుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. కానీ నేను పడుకునేది హాల్లో. మొదటి బస్సుకి లేచే అలవాటు నాకింకా పోలేదు. తెల్లారకుండానే మెలకువొస్తుంది. లైటేస్తే పిల్లలు లేస్తారు, టీ పెట్టుకుంటే గిన్నె చప్పుడౌతుంది. అందరూ లేచేదాకా చీకట్లో సోఫా మీద కూర్చుంటాను. నాకూ ఓ స్విచ్చి కావాలి వదినగారూ. నా ఇష్టమొచ్చినప్పుడు వేసుకునే స్విచ్చి."

ఏడేళ్ళుగా తెలిసిన మనిషి గురించి తనకేమీ తెలియదని పిన్నికి అనిపించింది. అయినా భయమూ వేసింది. "మనిద్దరికీ పడుతుందంటారా?"

"పడదు. పోట్లాడుకుందాం. తప్పేముంది?"

వారం తిరక్కుండానే ఇద్దరూ మళ్ళీ క్లినిక్కుకి వెళ్ళారు. బేరమంతా కండక్టరమ్మే చూసుకోవాలని, పిన్ని నోరు మెదపకూడదని ముందే ఒప్పందం. సామాను సగం కొత్త ఆసుపత్రికి వెళ్ళిపోవడంతో కూర్చోవడానికి ఒక స్టూలు, ఆ పెద్ద కుర్చీ మాత్రమే మిగిలాయి. పిన్ని స్టూలు మీద కూర్చుంది. కండక్టరమ్మ మహారాణిలా పెద్ద కుర్చీలో కూర్చుని, "చూడండి డాక్టరుగారూ, మీరు చెప్పిన ధర..." అని మొదలుపెట్టింది.

డాక్టరు ఆమె నోటి వంకే చూస్తున్నాడు. "మీరు ఎడమవైపు నమలడం లేదు కదూ?"

కండక్టరమ్మ ఖంగుతింది. ఆ పన్ను నెప్పి ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది. బస్సులో ఎంత గొడవనైనా సర్దిన మనిషికి పళ్ళ డాక్టరంటే హడల్.

"ఒక్కసారి చూడనివ్వండి" అంటూ ఆయన మీట నొక్కాడు. కుర్చీ వెనక్కి వాలింది. కండక్టరమ్మ కాళ్ళు పైకి లేచాయి, నోరు తెరుచుకుంది, అందులోకి అద్దమూ దూదీ వెళ్ళాయి. "అలాగే ఉండండి. ఆఁ, మీరు ధర సంగతి చెబుతున్నారు, చెప్పండమ్మా."

"ఆఁ! ఆఁ ఆఁ!" అంది కండక్టరమ్మ, పిన్ని వైపు కళ్ళు తిప్పి. చేత్తో గాల్లో కిందికి కిందికి చూపిస్తోంది. తగ్గించమని.

పిన్ని స్టూలు మీంచి సగం లేచింది. డాక్టరు ఆమె వైపే చూస్తున్నాడు. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

"డాక్టరుగారూ, ఇల్లు నాకు బాగా నచ్చిందండి."

కండక్టరమ్మ కళ్ళు మూసుకుంది. బేరంలో అనకూడని మొదటి మాట అదే మరి.

"నచ్చింది కాబట్టే చెబుతున్నాను" అంది పిన్ని. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఆ మూలలో బీరువా పెడితే దాని వెనక ఓ మనిషి దాక్కోవచ్చు. మంచం ఏ గోడకి వేసినా తల దగ్గరో కాళ్ళ దగ్గరో సందు మిగులుతుంది. మీకు ఒక్క కుర్చీయే కాబట్టి సరిపోయింది. మేమిద్దరం ఉన్నదంతా ఊడ్చినా, బ్యాంకు అప్పు కలిపినా మీరన్నదానికి కొంచెం తగ్గుతుందండి. ఆ తగ్గినదానికి మీ కొత్త ఆసుపత్రి కర్టెన్లన్నీ కుట్టుకూలి లేకుండా కుట్టిపెడతాను. గుడ్డ మీది, చెయ్యి నాది."

డాక్టరు అద్దం పైకి తీశాడు. "ఎన్ని కిటికీలో తెలుసా అమ్మా?"

"తెలుసండి. కొలిచింది నేనే కదా."

ఆయన నవ్వి, "సరే కానివ్వండి. ఈ పన్ను మాత్రం ఉంచకూడదు. పీకినందుకు నాకేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

దవడ వాచి, దూది కరుచుకుని మెట్లు దిగుతూ కండక్టరమ్మ అతికష్టం మీద అంది: "నేనైతే... ఇంకో రెండు కుర్చీలు కూడా... అడిగేదాన్ని." ఆ పూటంతా అంతకుమించి మాట్లాడలేకపోయింది. ఆ నిశ్శబ్దం గురించి కూతురూ అల్లుడూ చాలా రోజులు చెప్పుకున్నారు.

బ్యాంకులో ఇంకో చిక్కు. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగింది.

"వియ్యపురాళ్ళం" అంది కండక్టరమ్మ.

ఆ అమ్మాయి పైకీ కిందకీ వెతికింది. "తల్లి, కూతురు, అక్క, చెల్లి ఉన్నాయండి. ఆ వరస ఇందులో లేదు."

"లేకపోతే మేమేం చేస్తాం? మీ కంప్యూటరు ఇంట్లో ఇంకా పెళ్ళిళ్ళు కాలేదేమో!"

"'ఇతరులు' అని పెట్టనా?"

"ఇతరులమా? ఆవిడ కూతురు నా కోడలైతే, మనవరాలికి ముక్కు ఆవిడది, గొంతు నాదైతే, మేం ఇతరులమా?" బ్యాంకులో జనమంతా ఇటు తిరిగారు.

పిన్ని ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది. "పెట్టనీ వదినా. అప్పు రావాలి గానీ పేరుదేముంది."

'గారు' ఎక్కడో జారిపోయిందని ఆ గోలలో ఎవరూ గమనించలేదు. లేచి నిలబడి అరుస్తున్న కండక్టరమ్మ మాత్రం టక్కున కూర్చుంది.

సంగతి తెలిసి అల్లుడు తల పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వూ అత్తయ్యా ఒకే ఇంట్లోనా? ఒక ఒరలో రెండు కత్తులు! నెల్లాళ్ళుంటే గొప్ప." కూతురు మాత్రం పడీపడీ నవ్వి, చివర్న ఎందుకో కళ్ళు తుడుచుకుంది.

చేరిన రోజే మొదటి యుద్ధం. కొస గది ఎవరికన్నది. "మీరు తీసుకోండి" అంటే "మీరే తీసుకోండి" అని ఇద్దరూ మర్యాదకి మొదలుపెట్టి, మధ్యాహ్నానికి నిజంగానే గొంతులు పెంచుకున్నారు. అల్లుడు తెచ్చిన మంచం ఆ గదిలో ఎటు తిప్పినా పట్టకపోవడంతో తీర్పు దానంతటదే వచ్చింది. మంచాలు రెండూ లోపలి గదిలో పడ్డాయి. కొసలో పిన్ని మిషను, దాని ఎదురుగా కండక్టరమ్మ కుర్చీ. కింద రెండు వీధుల్లోనూ బస్సులు తిరుగుతాయి. ఆమెకు అంతకంటే ఏం కావాలి? "అదిగో, స్టాపు దాటించి ఆపాడు! చూశారా వదినా?" అని ఒక్కోసారి కిటికీలోంచి నేరుగా డ్రైవరుకే చెప్పేది. తెల్లారకముందే లేచి లైటు వేసుకుని టీ పెట్టుకునేది. ఆ వెలుతురు కళ్ళలో పడి పిన్ని మొదటివారం విసుక్కుంది. ఆ తర్వాత తన మంచానికి అడ్డంగా మందపాటి తెర ఒకటి కుట్టి వేలాడదీసుకుంది.

అనుకోని తంటా ఇంకొకటుంది. మిషను గిర్రున తిరిగే చప్పుడు విని, అది పళ్ళు తొలిచే యంత్రమని, డాక్టరు ఇంకా ఇక్కడే ఉన్నాడని అనుకుని, దవడ పట్టుకున్నవాళ్ళు మెట్లెక్కి వచ్చేవారు. పిన్ని కంగారుపడేది. కండక్టరమ్మ వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "ఆయన కొత్త ఆసుపత్రికి మారారు. కింద ఎడమవైపు స్టాపులో బస్సెక్కండి, ఆరో స్టాపులో దిగండి. భయపడకండి, నాకూ పీకారు, హస్తవాసి మంచిది" అని ధైర్యం చెప్పి పంపేది. అలా వచ్చినవాళ్ళలో ఒకావిడ గోడకి వేలాడుతున్న గుడ్డలు చూసి, నెప్పితోనే తన హాలుకి కర్టెన్లు పురమాయించి వెళ్ళింది.

ఆ చలికాలంలో భవనంలో ఉండేవాళ్ళంతా మీటింగు పెట్టుకున్నారు. మెట్లకి రంగులు వేయించాలట, ఏ రంగు బాగుంటుందో ప్రతి ఇంటివాళ్ళూ చెప్పాలట. పిన్నికిది కొత్త. ఇన్నేళ్ళలో ఎన్ని మేడల్లో ఉందో, ఏ మెట్లకి ఏ రంగు కావాలని ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఆమె వంతు రాగానే లేచి నిలబడి, పొద్దుటి వెలుతురు ఏ మలుపులో ఎలా పడుతుందో, అక్కడ లేత పసుపు వేస్తే ఎలా ఉంటుందో, ముదురు రంగైతే ఎంత ఇరుకనిపిస్తుందో చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే ఉంది. కింది అంతస్తాయన గడియారం చూసుకున్నాడు. పై అంతస్తావిడ ఆవులించింది.

"వదినా, చివరి స్టాపు వచ్చేసింది, దిగండి" అంది కండక్టరమ్మ పక్కనుంచి. గది గొల్లుమంది. పిన్ని కూడా నవ్వుతూ కూర్చుంది.

చేతులెత్తితే ఎక్కువమంది బూడిదరంగే అన్నారు. మురికి కనబడదట.

ఇంటికొచ్చాక పిన్ని చెప్పులు కూడా విప్పలేదు. "బూడిదరంగా! మన మెట్లకి! రోజూ ఎక్కి దిగేది మనం కాదూ? ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?"

కండక్టరమ్మ టీకి నీళ్ళు పెడుతూ వెనక్కి తిరిగి చూసింది. ఈవిడ బయటివాళ్ళ మీద కూడా కోపం తెచ్చుకోగలదని ఆమెకు ఆరోజే తెలిసింది. "చెయ్యెత్తనివాళ్ళు ముగ్గురున్నారు వదినా. పై అంతస్తావిడ మనసు ఇంకా అటూ ఇటూగానే ఉంది."

"నిజంగానా?" అంది పిన్ని. బుట్టలో వెతికి లేతపసుపు గుడ్డముక్క ఒకటి లాగి, చేత్తో సాపు చేసి, "టీ చల్లారబెట్టకండి, ఇప్పుడే వస్తాను" అంటూ మళ్ళీ మెట్లెక్కింది.